జతల లెక్క

పళ్ళత్తయ్య అంటే పళ్ళమ్ముకునే మనిషి అనుకునేరు. స్కౌటు దళంలో కొత్తగా చేరిన ప్రతి పిల్లా మొదటిరోజు అలాగే అనుకుని, "అత్తయ్యా, మీ దుకాణంలో ద్రాక్షపళ్ళు ఉంటాయా?" అని అడగడం, పాతపిల్లలు పొట్ట పట్టుకుని నవ్వడం ఇరవై రెండేళ్ళుగా జరుగుతున్న తంతే. ఆవిడ చేసేది కట్టుడు పళ్ళు. పళ్ళ డాక్టరు గదికి వెనకాల, కిటికీ గోడవైపు తెరుచుకునే ఇరుకుగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కూర్చుని ఉంది. బల్ల మీద సుద్దతో పోసిన దవడల అచ్చులు, మైనం కరిగించే చిన్న దీపం, ఆకురాళ్ళు, గిర్రున తిరిగే మెరుగుచక్రం. సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లగా అయిపోతాయి. ఇంటికెళ్ళి మొహం కడుక్కుంటేగానీ ఆవిడ వయసెంతో తెలియదు. తెలిశాక కూడా అడిగేవాళ్ళు లేరనుకోండి, అది వేరే సంగతి.

రోగి నోరు చూసేది డాక్టరు, కొలత తీసేది డాక్టరు, బిగించి అద్దం చూపించేదీ డాక్టరే. ఈవిడ దగ్గరికి వచ్చేది దవడ ఒక్కటే. బజార్లో ఎవరైనా పకపకా నవ్వితే, ఇది నేను పోయినేడు చేసిన పైవరస అని గుర్తుపడుతుంది. వాళ్ళు మాత్రం ఈవిణ్ణి పక్కకి తప్పుకోమన్నట్టు చూసి వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఎవరికి తెలుసు గనక.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకునేవాళ్ళు, ఇంట్లో సందడిగా ఉండేది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. తమ్ముడి కాపురం రెండు వీధుల అవతలే. మరదలు మంచిదే, కనపడినప్పుడల్లా "ఆదివారం భోజనానికి రండి వదినా" అంటుంది. ఈవిడ కూడా కనపడినప్పుడల్లా "ఆదివారం మాకు పిల్లల విహారం ఉందమ్మా" అంటుంది. నిజానికి విహారం నెలకి ఒక్క ఆదివారమే. మిగతా మూడు ఆదివారాలు ఏం చేస్తుందని మరదలు అడగలేదు, ఈవిడ చెప్పలేదు. మరదలు పిలుపులో ఎంత బలముందో ఈవిడకి తెలుసు.

అసలు దళంలో ఈవిడ కాలుపెట్టిందే తమ్ముడి కొడుకు వల్ల. ఇరవై రెండేళ్ళ కిందట వాణ్ణి చేర్పించారు. తోడుగా వెళ్ళడానికి మరదలికి ఒంట్లో బాగాలేదు. "ఒక్క రోజు వెళ్ళు అక్కా" అన్నాడు తమ్ముడు. వెళ్ళింది. వాడు "అత్తయ్యా" అని పిలిస్తే మిగతా పిల్లలూ అత్తయ్యా అన్నారు. వాడికి ఏడాదికే తాళ్ళూ ముడులూ మొహం మొత్తి మానేశాడు. ఈవిడ మానలేదు. ఎందుకు మానలేదంటే, ఒకేసారి ముప్ఫై నలభై గొంతులు తనని అత్తయ్యా అనడం ఆవిడకి నచ్చింది. అంతకంటే పెద్ద కారణమేమీ వెతకనక్కర్లేదు.

జతల లెక్క ఈవిడ పెట్టిందే. మొదట్లో అందరూ తలలు లెక్కపెట్టేవాళ్ళు. పిల్లల తలలు ఒకచోట ఉంటాయా? ఒకసారి ఒకే బుర్రని రెండుసార్లు లెక్కేసి, ఒక పిల్లాణ్ణి వాగు దగ్గరే వదిలేసి బయల్దేరారు. అరగంటకి వెనక్కి వెళితే వాడు నిక్షేపంగా రాళ్ళు ఏరుకుంటున్నాడు. ఈవిడకి మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు. ఆ వారంలోనే ఒకరోజు, పైదవడ కిందదవడ రెండూ కలిపి చూస్తుంటే తట్టింది. పై పన్నుకి కింద పన్ను జత. కింద పన్ను ఊడితే ముందు తెలిసేది పై పన్నుకే. నాలిక్కి కూడా తర్వాతే.

ఆ మర్నాటి నుంచి దళంలో తలలు లెక్కపెట్టడం బందు. పిల్లలందరికీ జతలు కట్టింది. ఈల వినపడగానే ఎక్కడివాళ్ళక్కడ తమ జత చెయ్యి పట్టుకుని, రెండు చేతులూ కలిపి పైకెత్తి, వరసగా తమ నంబరు అరవాలి. జత కనపడకపోతే గోల పెట్టాలి. కాగితాలు, పేర్ల పట్టికలు ఏమీ అక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క పిల్ల తప్పిపోలేదు. చుట్టుపక్కల దళాలవాళ్ళు కూడా వచ్చి చూసి నేర్చుకుని వెళ్ళారు. జీవితంలో ఆవిడ గొప్పగా చెప్పుకోడానికి ఉన్నది ఇదొక్కటే. చెప్పుకునేది కూడా.

పిల్లలు బేసిసంఖ్యలో ఉంటే మిగిలిపోయిన పిల్లకి తనే జత. సరిసంఖ్యలో ఉంటే అప్పట్లో ముసలి మాస్టారు ఉండేవారు, ఆయనా ఈవిడా ఒక జత. ఆయన పోయి ఆరేళ్ళయింది. అదృష్టమో ఏమో, ఆ ఆరేళ్ళూ దళంలో పిల్లలు బేసిగానే ఉంటూ వచ్చారు. ఈ మధ్య మూడేళ్ళుగా ఈవిడ జత చీమ. చీమ అంటే పదేళ్ళ పిల్ల. చిన్నగా ఉంటుంది, ఎప్పుడూ తనకంటే పెద్దదేదో మోసుకుంటూ తిరుగుతుంది, అందుకని ఆ పేరు. బస్సులో మూడో వరసలో కిటికీ దగ్గర చీమ, పక్కన పళ్ళత్తయ్య. చీమ నోరు మూసుకోదు. ఈవిడకి అదే కావాలి.

ఆ బుధవారం డ్రిల్లు మాస్టారు పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చాడు. పన్ను నొప్పి కాదు, ఈవిడతో పని. ముసలి మాస్టారి తర్వాత దళాన్ని నడిపేది ఇతనే. మంచి పిల్లాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి, పెద్దవాళ్ళ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడతాడు. సుద్ద అచ్చుల మధ్య ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే చెప్పాడు.

"వచ్చేనెల నుంచి మీరు ఇబ్బంది పడకండి మేడమ్. ఆ ఎక్కడాలు దిగడాలు మీ మోకాళ్ళకి మంచిది కాదు. నేనున్నాగా. మీరు రెస్టు తీసుకోండి."

ఆవిడ చేతిలో ఎవరిదో కిందివరస ఉంది. దాన్ని ఆకురాయితో రెండుసార్లు రాసి, ఊది, "ఈ ఆదివారం వస్తాను బాబూ. వచ్చాక చెప్తాను" అంది.

అతను వెళ్ళాక ఆవిడ మనసులో ఒక మాట అనేసుకుంది. ఈ ఒక్కసారి వెళ్ళి చూస్తాను, నేను లేకపోతే జరగనిది ఒక్కటంటే ఒక్కటి కనపడితే మానను, కనపడకపోతే మానేస్తాను. అలా అనుకున్నదేగానీ, కనపడకపోదు అనే ధీమా లోపల ఉండనే ఉంది.

ఆదివారం పొద్దున ఏడు గంటలకి బడి గేటు దగ్గరికి వెళ్ళేసరికి పిల్లలంతా వచ్చేశారు. ఒక కొత్తపిల్ల కూడా ఉంది. వాళ్ళమ్మ చున్నీ కొస పట్టుకుని నేల చూపులు చూస్తోంది. డ్రిల్లు మాస్టారు హుషారుగా ఎదురొచ్చాడు.

"ఈసారి ఇరవై నలుగురు మేడమ్. పన్నెండు జతలు, లెక్క గుండ్రంగా సరిపోయింది. మీరు హాయిగా కూర్చోవచ్చు."

సంతోషమైన వార్త చెప్తున్నాననే అనుకున్నాడు పాపం. ఈవిడ చీమ కోసం చూసింది. చీమ అప్పటికే మూడో వరస కిటికీ పట్టుకుని ఉంది. కిందికి పిలిచి, కొత్తపిల్ల చేతిని చీమ చేతిలో పెట్టింది.

"ఇవాళ్టి నుంచి ఇది నీ జత. ఏ చెట్టు వెనక్కి వెళ్ళినా చెప్పి వెళ్ళాలి. కనపడకపోతే ఏం చెయ్యాలో దానికి నువ్వే నేర్పు."

"మరి మీకో?" అంది చీమ.

"నాకెందుకే, నేనేమన్నా చిన్నపిల్లనా."

చీమ ఒక్క నిమిషం మూతి ముడుచుకుంది. కొత్తపిల్ల నోరు తెరిచి, "ఆవిడ ఏ పళ్ళు అమ్ముతారు?" అని అడగడంతో ఆ ముడి కాస్తా విడిపోయి, పకపకా నవ్వేసి, చెప్తా రా అంటూ దాన్ని బస్సులోకి లాక్కుపోయింది. మూడో వరసలో వాళ్ళిద్దరూ కూర్చున్నారు. ముందు సీట్లో డ్రైవరు, పక్కన డ్రిల్లు మాస్టారు. వాళ్ళిద్దర్నీ పిల్లలు పదమూడో జత అని వెక్కిరిస్తుంటారు. ఈవిడ అన్ని వరసలూ దాటుకుని ఆఖరి సీటుకి వెళ్ళింది. అక్కడ గుడారాల మూటలు, తాళ్ళ చుట్టలు, బకెట్లు గుట్టగా పేర్చి ఉన్నాయి. ఆ గుట్ట వెనక కూర్చుంటే ముందున్నవాళ్ళకి తల కూడా కనపడదు. గంటసేపు ఒక బకెట్టు ఆవిడ మోకాలిని పొడుస్తూనే ఉంది. ఇరవై రెండేళ్ళలో బస్సులో ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

వాళ్ళు వెళ్ళే చోటు ఒక కొండవాలు. కింద మడుగు, దాని పక్కన రేకుల షెడ్డు, చేతిపంపు, బస్సు తిరగడానికి కాస్త చదును నేల. పైకి అడవి. ఈవిడకి అక్కడ ప్రతి రాయీ తెలుసు. ఆ రోజు మాత్రం ఆ తెలివి ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఏదో పిట్ట కూసింది. "అది ఏమిటంటే" అని ఈవిడ మొదలుపెట్టేలోగా డ్రిల్లు మాస్టారు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు, ఫోను ఆ పిట్ట పేరు, బొమ్మ, ఏ దేశాల్లో ఉంటుందో అన్నీ చెప్పేసింది. ఒక పిల్లాడి మడమ బొబ్బెక్కింది. ఈవిడ సంచిలోంచి దూది తీసేలోగా అతను మందు కొట్టి పట్టీ వేసేశాడు. ముడులు నేర్పుదామంటే పాతపిల్లలే కొత్తపిల్లలకి నేర్పేస్తున్నారు, అదీ తను నేర్పిన పద్ధతిలోనే, "కుందేలు బొరియలోంచి బయటికొచ్చింది" అనే తన మాటలతోనే. తప్పు ఎక్కడైనా పడుతుందేమోనని వంగి చూసింది. ఒక్క ముడి కూడా జారలేదు. మెచ్చుకోవాల్సిన చోట ఆవిడకి ఏడుపొచ్చినంత పనయింది. ఏం మనిషినో నేను, అని తనని తనే తిట్టుకుంది.

మధ్యాహ్నం నిప్పుల్లో బంగాళాదుంపలు కాల్చుకున్నారు. చీమ పరిగెత్తుకుంటూ వచ్చి సగం మాడిన దుంప ఒకటి ఈవిడ చేతిలో పెట్టి, "మీకోసం తీసిపెట్టా" అని, కూర్చోమనేలోగా మళ్ళీ కొత్తపిల్ల దగ్గరికి పరిగెత్తింది. ఈవిడ ఆ దుంపని తొక్కతో సహా తినేసింది.

భోజనాలయ్యాక దారి కనిపెట్టే ఆట. అందుకోసం ఈవిడ పొద్దునే పైదాకా వెళ్ళి పద్నాలుగు చెట్లకి ఎర్రగుడ్డ పీలికలు కట్టి వచ్చింది. ఆట ముగిశాక అవన్నీ విప్పేయాలి. అడవికి మనం వచ్చి వెళ్ళినట్టే తెలియకూడదు, ఇదీ ఈవిడ పెట్టిన నియమమే. ఎప్పుడూ చీమా తనూ కలిసి విప్పేవాళ్ళు. ఈసారి చీమ కిందెక్కడో కొత్తపిల్లకి గులకరాయిని నీళ్ళ మీద ఎగిరించడం చూపిస్తోంది. పిలవబుద్ధి కాలేదు. ఒక్కతే పైకి వెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు, చెప్పడానికి జత ఉంటే కదా.

పదకొండో పీలిక విప్పుతుండగా మబ్బు కమ్మింది. గాలి లేచింది. కింద ఈల మోగింది. ఆవిడ చెట్టుని పట్టుకుని ఆగి చెవి ఒగ్గింది. "ఒకటి" అని వినపడింది. "రెండు." "మూడు." నాలుగు కాస్త ఆలస్యమైతే చెట్టుని ఇంకా గట్టిగా పట్టుకుని, వినపడ్డాక వదిలింది. తొమ్మిది దగ్గర చీమ గొంతు అన్నిటికంటే పైకి లేచింది. పన్నెండు. ఒక్కటీ పోలేదు. భేష్ నా తల్లులు, నా నాయనలు అనుకుంటూ, మనసు కుదుటపడి, పన్నెండో పీలిక దగ్గరికి నడిచింది.

పద్నాలుగోది విప్పి జేబులో పెట్టుకుంటుంటే బస్సు ఇంజను చప్పుడు వినపడింది. వాన వస్తోందని తిప్పి పెడుతున్నారేమో అనుకుంది. చప్పుడు వంపు తిరిగింది. తర్వాత చిన్నదైంది. తర్వాత గాలి తప్ప ఏమీ లేదు.

మోకాళ్ళ మాట మరిచిపోయి దిగింది. చదును నేల మీద బస్సు చక్రాల గుర్తులున్నాయి. నిప్పులు ఆర్పారు. చెత్త ఏరారు. మర్చిపోయిందేమీ లేకుండా చక్కగా సర్దుకుని వెళ్ళారు. సంచి బస్సులోనే ఉంది, ఫోను ఆ సంచిలో ఉంది. గడియారం చూసుకుంటే మూడుకి పది నిమిషాల తక్కువ.

మొదట నవ్వొచ్చింది. వంపు తిరగ్గానే తెలుస్తుంది, నాలుక్కరుచుకుని వచ్చేస్తారు అనుకుంది. అయిదు నిమిషాలు నిలబడే ఉంది. వంతెన దాకా పావుగంట, అక్కడన్నా తెలుస్తుంది అనుకుని షెడ్డు కింద కూర్చుంది. సన్నటి వాన మొదలైంది. పావుగంట దాటింది. వంతెన దగ్గర తెలిసుంటే ఈపాటికి తిరిగి వస్తుండాలి. పోనీ, పెట్రోలు బంకు దగ్గర పిల్లల కోసం ఆపుతారు, చీమ దిగేటప్పుడు వెనక్కి చూడకపోతుందా? చూస్తుంది. చూసి తీరాలి.

నడిచి వెళదామా అనుకుంది. రోడ్డెక్కాలంటే అడవి బాటలో అయిదు కిలోమీటర్లు. పైగా పిల్లలకి ఆవిడ నేర్పే మొదటి పాఠమే అది: తప్పిపోతే కదలొద్దు. ఎక్కడున్నావో అక్కడే ఉండు. నీ జత వచ్చి నిన్ను తీసుకెళుతుంది. ఎన్ని వందలమందికి చెప్పిందో ఆ మాట. ఇప్పుడు బుద్ధిమంతురాలిలా ఉన్నచోటే ఉండి, రెండోభాగం దగ్గర ఆగిపోయింది.

అప్పుడొచ్చింది కోపం. మొదట డ్రిల్లు మాస్టారి మీద. ఫోనులో పిట్టల పేర్లు చూడ్డం కాదు నాయనా, వెనక సీట్లో మనిషుందో లేదో చూడొద్దూ. తర్వాత చీమ మీద. మూడేళ్ళు, నెలకొక్క ఆదివారం, పక్కపక్కనే కూర్చున్నాం కదే. పదేళ్ళ పిల్ల మీద కోపం పెట్టుకున్నందుకు సిగ్గేసి, ఆఖరికి తన మీదికే తిప్పుకుంది. పంతొమ్మిదేళ్ళ కిందట అంత ముచ్చటపడి లెక్క కట్టావు కదా, అందులో నువ్వెక్కడున్నావు? పిల్లలు బేసిగా ఉన్నంతకాలం ఉన్నావు. ఎవరో ఒకరు మిగిలిపోతేనే నీకు చోటు. ఇవాళ ఎవరూ మిగల్లేదు, అంతే.

అంత స్పష్టంగా అనుకున్నాక కోపం కూడా పోయింది. దాని బదులు వచ్చినది కోపం కంటే బరువుగా ఉంది.

ఆ చోట పిల్లలు లేకుండా ఆవిడ ఎన్నడూ ఉండలేదు. వాన చుక్కలు రేకు మీద పడుతున్నాయి. మడుగు మీదికి వంగిన కొమ్మ మీద లకుముకిపిట్ట ఒకటి వచ్చి వాలింది. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పిల్లల గోలకి అది ఇటువైపే వచ్చేది కాదు. నీలంగా, బొమ్మలా కూర్చుని, ఉన్నట్టుండి నీళ్ళలోకి దూకి, ముక్కున చేపతో మళ్ళీ అదే కొమ్మ మీదికి వచ్చింది. "చూడండర్రా" అంది ఆవిడ మెల్లిగా, కదిలితే ఎగిరిపోతుందని చెయ్యి వెనక్కి చాపి. ఆ చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది. ఎవరూ చూసేవాళ్ళు లేరు కాబట్టి బాగా చప్పుడయ్యేలాగే ఏడ్చింది.

వాన వెలిసింది. నాలుగైంది. నాలుగూ అయిదు నిమిషాలకి ఇంజను చప్పుడు.

ప్రాణం లేచొచ్చింది. గబగబా చేతిపంపు కొట్టి మొహం కడుక్కుంది, స్కార్ఫు సరిచేసుకుంది. పాపం, కంగారుపడి ఉంటారు. ఏం మాట్లాడాలో కూడా అనుకుంది: ఏం పర్లేదు బాబూ, నాకేం కాలేదు, పిల్లల్ని భయపెట్టకండి. చీమ ఏడుస్తూ దిగుతుందేమో, దిగితే ముందు దాన్ని ఎత్తుకోవాలి, పెద్దదైపోయింది, అయినా ఎత్తుకోవాలి. బస్సు చదును నేల మీదికి వచ్చి, అర్ధచంద్రంగా తిరిగి, వెనక తలుపు ఆవిడ ఎదురుగా వచ్చేలా ఆగింది. వానకి కిటికీ అద్దాలన్నీ మూసి ఉన్నాయి, లోపలి ఊపిర్లకి మసకబారి ఉన్నాయి. ఆవిడ రెండడుగులు ముందుకేసింది.

ముందు తలుపులోంచి డ్రిల్లు మాస్టారు దూకాడు. ఆవిడ వైపు రాలేదు. నేల వెతుక్కుంటూ చేతిపంపు వైపు పరిగెత్తాడు. వంగి రాళ్ళ మధ్య చూస్తూ, తలెత్తి ఈవిణ్ణి చూసి, "అయ్యో, మీరెందుకు దిగారు మేడమ్, బురదగా ఉంది. నేను చూస్తాగా" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు.

"కళ్ళజోడండీ. అయిదో జత పిల్లాడిది. మొహం కడుక్కుంటూ ఇక్కడే ఎక్కడో పెట్టాడట. బంకు దాటాక వాడి జత చూసి గోల పెట్టింది. మళ్ళీ ఇంత దూరం. ఇంటికెళితే వాళ్ళ నాన్న తంతాడని ఒకటే ఏడుపు." చేతిపంపు దిమ్మ వెనక్కి చెయ్యి పెట్టి, "ఇదిగో, దొరికింది. హమ్మయ్య" అన్నాడు. "ఎక్కండి మేడమ్, ఆలస్యమైపోయింది."

అప్పుడు అర్థమైంది. ఆవిడ ఇప్పుడే వెనక తలుపులోంచి దిగింది అనుకుంటున్నాడు. ఆవిడ లేదనే సంగతే బస్సులో ఎవరికీ తెలియదు. వాళ్ళు వచ్చింది కళ్ళజోడు కోసం.

వెనక తలుపు తీసుకుని ఎక్కింది. గుడారాల గుట్ట వెనక తన సంచి, తన టోపీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ముందువైపు కళ్ళజోడు చేతులు మారుతూ అయిదో జత దాకా వెళ్ళింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. చెప్పకూడదు అనుకుంది. చెప్పి ఏం లాభం, అందరి మొహాలూ మాడతాయి. పెద్దరికంగా ఊరుకుందాం. అలా అనుకుని సీట్లో కూర్చుంది కూడా.

మాస్టారు ఈల ఊదాడు. నియమం నియమమే కదా, ఆగిన ప్రతిచోటా లెక్క ఉండాలి. జోడించిన చేతులు సీట్ల మీద లేచాయి. ఒకటి, రెండు, మూడు. పన్నెండు దాకా వచ్చింది.

"సరిపోయింది. పోనివ్వన్నా" అన్నాడు డ్రైవరుతో.

"సరిపోలేదు" అంది పళ్ళత్తయ్య.

లేచి నిలబడింది. గుడారాల గుట్ట పైనుంచి ఆవిడ తల కనపడింది. పిల్లలు వెనక్కి తిరిగారు.

"ఎవరు తక్కువ మేడమ్?" మాస్టారు మళ్ళీ చేతులు లెక్కపెట్టబోయాడు. "పన్నెండు వచ్చిందే."

"పన్నెండున్నర రావాలి."

పిల్లలు ఘొల్లుమన్నారు. "అరజత ఎవరత్తయ్యా" అని ఎవరో అన్నారు.

"నేను" అంది. "నేనిప్పుడు దిగలేదు బాబూ. నేనసలు ఎక్కలేదు. పైన పీలికలు విప్పుతున్నాను, మీరు వెళ్ళిపోయారు. గంటంపావు నుంచీ ఇక్కడే ఉన్నాను."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. డ్రిల్లు మాస్టారి మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"కానీ మేడమ్," అన్నాడు చివరికి, "లెక్క సరిపోయింది కదండీ. బంకు దగ్గర కూడా పెట్టాం. సరిపోయింది."

తప్పించుకోడానికి అన్న మాట కాదది. నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు.

"సరిపోయింది," అంది ఆవిడ. "పైనుంచి నేనూ విన్నాను. విని సంతోషించాను."

మూడో వరసలో కదలిక. చీమ లేచింది. మొహం ఎర్రగా అయిపోయింది. పట్టుకున్న చెయ్యి వదిలించుకుని, సీట్ల మధ్య నుంచి వెనక్కి రాసాగింది. సగం దూరం వచ్చింది. ఆవిడ చేతులు వాటంతటవే ముందుకి చాచుకున్నాయి.

"నా జత." వెనకనుంచి కొత్తపిల్ల గొంతు, బెదిరిపోయి, పొద్దున నేర్చుకున్న పాఠాన్ని తుచ తప్పకుండా అప్పజెబుతూ. "నా జత లేదు. నా జత లేచి వెళ్ళిపోయింది."

గంటంపావు సేపు ఆ షెడ్డు కింద ఆవిడ వినాలనుకున్నది ఆ మాటే. ఎవరో ఒకరు, ఆ బస్సులో ఎక్కడో ఒకచోట, అలా అని ఉంటే చాలనుకుంది. ఇప్పుడు విన్నది. ఎంత బాగా అరిచింది పిల్ల. ఒక్క రోజులో ఎంత బాగా నేర్చుకుంది.

చీమ మధ్యలో ఆగిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది.

"వెళ్ళమ్మా," అంది పళ్ళత్తయ్య, చేతులు దించుకుని. "దాన్ని అలా వదిలేసి రాకూడదు. వెళ్ళి కూర్చో."

"మీరు?"

"వెళ్ళు."

చీమ వెళ్ళింది. కొత్తపిల్ల దాని చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది. డ్రిల్లు మాస్టారు ఇంకా నిలబడే ఉన్నాడు. "వచ్చేనెల నుంచి నాతో జతగా ఉండండి మేడమ్. నేను చూసుకుంటాను. మీరు తప్పకుండా రావాలి" అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

"వచ్చేనెల నేను రాను బాబూ" అంది ఆవిడ నెమ్మదిగా. "ఇక పోనివ్వండి. వీళ్ళకోసం ఇళ్ళ దగ్గర ఎదురుచూస్తుంటారు."

బస్సు కదిలింది. వంతెన దాటేదాకా ఎవరూ కిక్కురుమనలేదు. పెట్రోలు బంకు దగ్గరికి వచ్చేసరికి ముందువైపు ఎవరో పాట ఎత్తుకున్నారు, ఒక్కొక్కరే అందుకున్నారు. పిల్లలు కదా, ఎంతసేపని బిగబట్టుకుని ఉంటారు. ఆవిడ బకెట్టుని పక్కకి జరిపి, మోకాలు చాపుకుని, బయటికి చూస్తూ కూర్చుంది.